శ్రుతికి సంఖ్యనిచ్చిన గణితవేత్త

17వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో ఒక ఊరి ఆర్గన్ (గొట్టాల్లోకి గాలి పంపి మోగించే వాద్యం) శ్రుతి మరో ఊరి ఆర్గన్‌తో కలిసేది కాదు. చెవి రెండు స్వరాల మధ్య సంబంధాన్ని చక్కగా పట్టుకోగలదు కానీ, ఒక స్వరం సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తోందో చెప్పలేదు. ఆ సంఖ్యను రాబట్టే మార్గాన్ని 1700లో పారిస్ విజ్ఞాన అకాడమీ ముందుంచినవాడు జోసెఫ్ సోవూర్ (1653–1716).

ఆయనకు ఏడేళ్ళు వచ్చేదాకా మాట రాలేదు. పాడే గొంతు గానీ, సంగీతం తెలిసిన చెవి గానీ ఆయనకు లేవని అకాడమీ కార్యదర్శి ఫోంతనెల్ సంస్మరణలో రాశాడు. స్వరాల తేడాలు పోల్చుకోవడానికి ఆయన సంగీతకారుల సాయం తీసుకునేవాడు. చెవిని నమ్ముకోలేకపోవడమే ఆయనను లెక్క వైపు నడిపించిందని నాకనిపిస్తుంది.

దగ్గరి శ్రుతులున్న రెండు ఆర్గన్ గొట్టాలు కలిసి మోగితే ధ్వని హెచ్చుతూ తగ్గుతూ వినిపిస్తుంది. ఈ విస్పందనాలు ఆర్గన్ తయారీదారులకు అంతకుముందే తెలుసు. రెండు గొట్టాల కంపనాలు ఒకే క్షణంలో కలిసినప్పుడల్లా ధ్వని బలపడుతుందనీ, కాబట్టి సెకనుకు వినిపించే విస్పందనాల సంఖ్య ఆ రెండు పౌనఃపున్యాల (సెకనుకు కంపనాల సంఖ్యల) తేడాకు సమానమనీ సోవూర్ గ్రహించాడు. గొట్టాల స్వరాలు 15:16 నిష్పత్తిలో ఉండి, సెకనుకు 6 విస్పందనాలు వినిపిస్తే, ఆ ఒక్క వంతు తేడాయే 6 కంపనాలు. అంటే ఒక గొట్టం 90, రెండోది 96 కంపనాలు చేస్తున్నట్టు. కంటికి అందని వేగాన్ని ఇంత సులువుగా లెక్కకు తేవడం ఆ కాలపు విజ్ఞానంలోని అందమైన తర్కాలలో ఒకటి. సెకనుకు 100 కంపనాల స్వరాన్ని అందరికీ ఆధారస్వరంగా తీసుకోవాలని ఆయన ప్రతిపాదించాడు. మోగే తీగపై కదలని బిందువులను, మూలస్వరంతో పాటు పుట్టే పై స్వరాలైన అనుస్వరాలను వివరించాడు. ఆక్టేవ్‌ను (ఒక స్వరానికీ దానికి రెట్టింపు కంపనాల స్వరానికీ మధ్య దూరాన్ని) 43 భాగాలుగా, ఒక్కో భాగాన్ని మళ్ళీ 7గా విభజించి, మొత్తం 301 మెట్లతో స్వరాంతరాలను కొలిచాడు. 2 యొక్క లాగరిథమ్ 0.30103 కనుక ఆ కొలత లాగరిథమ్ పట్టికలతో చక్కగా సరిపోయింది.

ఈ పని జరిగిన చోటు రాజు 14వ లూయీ నీడలోనిదే. కొల్బేర్ మంత్రిగా ఉన్నప్పుడు 1666లో విజ్ఞాన అకాడమీ ఏర్పడింది. అదే ప్రభుత్వం 1672లో సంగీత నాటకాల ప్రదర్శన హక్కును దాదాపుగా ఆస్థాన స్వరకర్త లుల్లీ ఒక్కడి చేతికే అప్పగించింది. సోవూర్ జీవితం కూడా ఆస్థానంతో ముడిపడినదే: జూదంలో గెలుపోటముల అవకాశాలను లెక్కించి రాజుకు వివరించాడు, 1691లో కోటల నిర్మాణాన్ని అధ్యయనం చేయడానికి మోన్స్ ముట్టడికి వెళ్ళాడు, 1703లో కోటల నిర్మాణ నిపుణుడు వోబాన్ స్థానంలో సైనిక ఇంజనీర్ల పరీక్షాధికారి అయ్యాడు. కొలిచే విద్య సైన్యానికీ పాలనకూ అంత అవసరమైన రోజుల్లో, శ్రుతికి ఒకే ప్రమాణం కోరడం కేవలం సంగీత సమస్య కాదు. చెవి తీర్పు స్థానంలో, సంఖ్య పేరిట ఎవరి మాట చెల్లాలన్న ప్రశ్న అందులో ఉంది.

ఆ ప్రమాణాన్ని సంగీతకారులు ఆయన కాలంలో స్వీకరించలేదు. ఫ్రెంచి ప్రభుత్వం శ్రుతిని ఆజ్ఞతో స్థిరపరచింది 1859లో, ‘లా’ (A) స్వరానికి సెకనుకు 435 కంపనాల దగ్గర. అందుకు నియమించిన సంఘంలో రొస్సీనీ, బెర్లియోజ్ వంటి స్వరకర్తలతో పాటు భౌతికశాస్త్రవేత్త లిస్సజూ కూడా ఉన్నాడు.