విలన్‌కు ప్రాయశ్చిత్తం: డుకాట్ అడిగిందీ, డమార్ చేసిందీ

సైన్స్ ఫిక్షన్‌లో విలన్ మారడం అనగానే చాలామందికి గుర్తొచ్చేది 1983 నాటి 'స్టార్ వార్స్' సినిమాలో డార్త్ వేడర్. కొడుకును కాపాడాడు, చచ్చిపోయాడు, పాపం చెల్లయిపోయింది. అతని చేతిలో పోయినవాళ్ల తరఫున అడిగే నాథుడే లేడు. టీవీ సీరియల్‌కు ఆ వెసులుబాటు తక్కువ. ఏళ్ల తరబడి ఆ మనిషీ, అతను ముంచినవాళ్లూ ఎదురుపడుతూనే ఉంటారు. ఈ చిక్కును సూటిగా పట్టుకున్నది 1993 నుంచి 1999 దాకా వచ్చిన 'స్టార్ ట్రెక్: డీప్ స్పేస్ నైన్'.

బేజోర్ గ్రహాన్ని దాదాపు యాభై ఏళ్లు పీడించి కార్డాసియన్లు వెళ్లిపోయాక కథ మొదలవుతుంది. మొదటి సీజన్‌లోనే 'డ్యూయెట్' ఎపిసోడ్‌లో మారిట్జా అనే కార్డాసియన్ పట్టుబడతాడు. నిజానికి నిర్బంధ శిబిరంలో ఫైళ్లు సర్దిన గుమస్తా. ఆ శిబిరాధికారిలా ముఖం మార్చుకుని మరీ వచ్చాడు. తనను విచారించి శిక్షిస్తేనైనా తన జాతి తప్పు ఒప్పుకుంటుందని ఆశ.

ఆ గుమస్తాకున్న సిగ్గు బేజోర్‌ను ఏలిన డుకాట్‌కు లేదు. మార్క్ అలైమో నటనలోని ఠీవికి ప్రేక్షకులు పడిపోయారు, పాపం మంచివాడేమో అనుకున్నారు. రచయితలకు అది మింగుడుపడలేదు. బేజోర్‌లో తనకు ఒక్క విగ్రహమైనా లేదని వాపోయే మనిషి అతను! 1998 నాటి 'వాల్ట్జ్'లో ముసుగు పూర్తిగా తీసేశారు. బేజోర్ వాళ్లందరినీ చంపేసి ఉండాల్సిందని అతని నోటే అనిపించారు. క్షమాపణ అడగకుండానే క్షమించమంటే ఎలా?

అసలు మలుపు డుకాట్ అనుచరుడు డమార్‌ది. డుకాట్ కూతురు జియాల్‌ను కాల్చి చంపినవాడు. తర్వాత కార్డాసియన్లను గుప్పిట్లో పెట్టుకున్న డొమినియన్ అనే సామ్రాజ్యం మీద తిరగబడి, ఆ జియాల్‌ను ఆప్యాయంగా చూసుకున్న బేజోర్ యోధురాలు కీరా దగ్గరే గెరిల్లా యుద్ధం నేర్చుకుంటాడు. భార్యాబిడ్డలను డొమినియన్ చంపిందని తెలిసి, అమాయకులను చంపమని ఆజ్ఞలిచ్చేవాళ్లు ఎలాంటి మనుషులని కుమిలిపోతాడు. కీరా అదే ప్రశ్నను అతని వైపు తిప్పుతుంది: అవును డమార్, ఎలాంటి మనుషులు? అతను జవాబివ్వడు, బయటికి వెళ్లిపోతాడు. కొద్దిసేపటికే, కీరాను చంపబోయిన పాత మిత్రుణ్ని తన చేత్తోనే కాలుస్తాడు.

చివరి ఎపిసోడ్‌లో తిరుగుబాటు దాడిలో డమార్ చనిపోతాడు. జియాల్ పేరెత్తి కీరాను క్షమాపణ అడిగిన సన్నివేశం మాత్రం లేదు. మరిచారో, కావాలని వదిలారో గానీ, నాకది లోటుగానే తోస్తుంది.