డేట్ జరిపే మాత్ర అడిగేముందు

రెండేళ్లకోసారి చైత్రంలో ఒడిశాలోని బరంపురం అమ్మవారు బుఢీ ఠాకురాణీ దేశీబెహరా వీధిలోని పుట్టింటికి వస్తుంది. ఆ యాత్ర దగ్గరపడితే, ముట్టు అడ్డు రాకూడదని మా వీధి మందుల షాపులో ఆడవాళ్లు గొంతు తగ్గించి అడుగుతారు: “అన్నా, డేట్ జరిపే మాత్రలివ్వు.” అన్న కాగితంలో చుట్టి ఇచ్చేస్తాడు, డాక్టర్ చీటీ కూడా అడగడు. జూన్‌లో భూదేవికే ముట్టు వచ్చిందని మూడు రోజులు ఉయ్యాలలూగి రజో పండగ చేసుకునే నేల మాత్రం ఇదే!

ఆ మాత్ర పేరు నోరెథిస్టెరాన్. 5 మిల్లీగ్రాములవి రోజుకు మూడు వేసుకుంటారు. ఇందులో ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ లేదు కదా, రక్తం గడ్డకడుతుందన్న భయమెందుకు అంటారు. నిజమే, కానీ ఒంట్లోకి వెళ్లాక దీనిలో కొంచెం ఇథినైల్ ఈస్ట్రడయాల్ అనే ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. మాలా-డి గర్భనిరోధక మాత్రలో ఉండేదీ అదే. రోజుకు 10-20 మిల్లీగ్రాములు వేసుకుంటే దాదాపు ఒక గర్భనిరోధక మాత్రలో ఉన్నంత తయారవుతుందని అంచనా.

మింగిన ఈస్ట్రోజెన్ ముందు కాలేయానికి చేరుతుంది. రక్తాన్ని గడ్డకట్టించే ప్రొటీన్లు ఎక్కువగా తయారయ్యేది అక్కడే. అవి పెరుగుతాయి, గడ్డను అడ్డుకునే ప్రొటీన్ ఎస్ తగ్గుతుంది. చాలామందికి దీనివల్ల ఏమీ కాదు. పుట్టుకతోనే గడ్డను అడ్డుకునే ప్రొటీన్ సి, ప్రొటీన్ ఎస్ లేదా యాంటీత్రాంబిన్ తక్కువున్నవాళ్ల సంగతి వేరు, వాళ్ల తక్కెడ ముందే గడ్డకట్టేవైపు వాలి ఉంటుంది. 1994లో నెదర్లాండ్స్‌లో కనిపెట్టిన ఫ్యాక్టర్ ఫైవ్ లైడెన్ అనే జన్యులోపం కూడా ఇలాంటిదే, కానీ మనవాళ్లలో అరుదు.

గడ్డ ఎక్కువగా కాలి సిరలోనే కడుతుంది. ఒక్కోసారి మాత్రం మెదడు నుంచి రక్తాన్ని వెనక్కి తెచ్చే సిరలో కడుతుంది. బీపీ, షుగర్ ఉన్న పెద్దవాళ్లకు సాధారణంగా వచ్చే పక్షవాతంలో నీళ్లొచ్చే కాలవ మూసుకుపోయినట్టు. మెదడు సిరలో గడ్డ కడితే మురుగు కాలవ పూడి నీళ్లు ఇంట్లోకి వెనక్కి తన్నినట్టు. రోజురోజుకూ పెరిగే తలనొప్పి, వాంతులు, మసక చూపు, చివరికి ఫిట్స్. ఎండలో ఉపవాసముండి నీళ్లు తాగకపోతే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఇంట్లోవాళ్లేమో దిష్టి తీసి, తలకు బామ్ రాసి పడుకోబెడతారు.

మెనోపాజ్ తర్వాత హార్మోన్లు వాడేవాళ్లకు చర్మానికి అంటించే ప్యాచ్ ఉంది. అందులోని ఈస్ట్రోజెన్ నేరుగా రక్తంలోకి వెళ్తుంది, కాలేయం మీద భారం పడదు. అందుకే గడ్డల భయమున్నచోట డాక్టర్లు మాత్ర కంటే దానివైపే మొగ్గుతారు.

అందరికీ జన్యుపరీక్షలు అక్కర్లేదు. షాపు అన్న ఒక్క మాట అడిగితే చాలు: “మీ అమ్మకో పిన్నికో చిన్న వయసులో కాలు వాచి గడ్డ కట్టిందా? బాలింతగా ఉండగా పక్షవాతం వచ్చిందా?” అవునంటే మాత్ర ఇవ్వకుండా డాక్టర్ దగ్గరికి పంపాలి. హార్మోన్ మాత్రలు వాడుతూ రక్తపరీక్ష చేయించుకుంటే ప్రొటీన్ ఎస్ ఎలాగూ తక్కువే కనిపిస్తుంది, కాబట్టి ఏ మాత్ర, ఎప్పటినుంచి వేసుకుంటున్నారో డాక్టర్‌కు ముందే చెప్పాలి.