పచ్చి ఓక్, చెక్క చీల, 3 మిల్లీమీటర్ల తేడా

షేక్‌స్పియర్ అత్తవారింటిని చూసొచ్చిన ఒక పాఠకురాలు అడిగారు: "ఐదొందల ఏళ్ల కొయ్య ఇల్లు. దూలాలన్నీ వంకర. మేకులు లేవంటున్నారు. మరి ఎలా నిలబడింది?"

ఇంగ్లండ్‌లో షేక్‌స్పియర్ సొంతూరు స్ట్రాట్‌ఫర్డ్ పక్కన, షాటరీ అనే ఊళ్లో ఉందది. షేక్‌స్పియర్ భార్య ఆన్ హాథవే 1556 ప్రాంతంలో పుట్టిన ఇల్లు. పేరుకు కాటేజీ, నిజానికి పన్నెండు గదుల రైతు ఇల్లు. పాత భాగం 1463 నాటిది. అందులో క్రక్ అనే పద్ధతి కనిపిస్తుంది: వంపు తిరిగిన రెండు పెద్ద దుంగలను నమస్కారం పెట్టిన చేతుల్లా ఎదురెదురుగా నిలబెడతారు. ఒకే చెట్టును నిలువునా చీలిస్తే రెండు వంపులూ సరిగ్గా జత కుదురుతాయి. కప్పు బరువు వాటి మీదుగానే నేలకు దిగుతుంది. ఇక గోడ పని గాలీ వానా ఆపడమే. అందుకే ఇలాంటి ఇళ్లలో తడిక అల్లి, మట్టీ పేడా గడ్డీ కలిపి మెత్తేవారు. మన పల్లెల్లో పెరిగినవాళ్లకు ఇది వివరించక్కర్లేదు.

నాకు పిచ్చి పట్టించింది మాత్రం ఈ ఇళ్లలోని అతుకు.

ఓక్ అనే చెట్టు కలపను పచ్చిగా ఉండగానే వాడేవారు. ఎండితే అది రాయిలా తయారవుతుంది, ఉలి దిగదు. పైగా లావాటి దూలం ఎండాలంటే ఏళ్లు పడుతుంది. కాబట్టి కట్టేశాక ఇల్లే ఎండుతుంది. వంకరలు చాలావరకు అలా వచ్చినవే. "కలప ఎండితే కుంచించుకుపోతుంది" అని బళ్లో ఒక్క వాక్యంతో సరిపెట్టారు మాకు. ఏ దిక్కున అని ఎవరూ చెప్పలేదు. అసలు కథంతా అక్కడే ఉంది. ఓక్ వార్షిక వలయాల (దుంగను అడ్డంగా కోస్తే కనిపించే గుండ్రటి గీతల) వెంబడి సుమారు 8 శాతం తగ్గుతుంది, వలయాలకు అడ్డంగా అందులో సగం. నిడివిలో దాదాపు ఏమీ తగ్గదు.

ఇప్పుడు అతుకు చూడండి. అడ్డదూలం చివర నాలుకలా చెక్కి, స్తంభంలో తొలిచిన బెజ్జంలోకి దూరుస్తారు. రెండిటికీ కలిపి పక్కనుంచి చెక్క చీల కొడతారు. చీల కన్నం స్తంభం అంచుకు 40 మిల్లీమీటర్ల లోపల ఉందనుకుందాం. స్తంభం అడ్డంగా ఎండుతుంది కాబట్టి ఆ దూరం రెండు మూడు మిల్లీమీటర్లు తగ్గుతుంది. నాలుక నిడివి మాత్రం మారదు. అంటే అతుకు దగ్గర సందు పడాలి!

వడ్రంగి ఆ సందును ముందే ఊహించాడు. నాలుకలోని కన్నాన్ని దాని మొదలు వైపు సుమారు 3 మిల్లీమీటర్లు జరిపి తొలిచాడు. కన్నాలు కలవవు. మొన తేలిన ఎండు చీలను బలంగా కొడితే అది కాస్త వంగి, నాలుకను లోపలికి లాగి బిగిస్తుంది. స్తంభం ఎండేకొద్దీ కన్నాలు ఒక వరుసకు వస్తుంటాయి, వంగిన చీల స్ప్రింగులా లాగుతూనే ఉంటుంది. ఇనుప మేకుకు ఈ గుణం లేదు. దానికితోడు పచ్చి ఓక్‌లోని టానిన్ ఆమ్లాలు ఇనుమును తినేసి కలపను నల్లగా చేస్తాయి. చీలను కూడా రంపంతో కోయకూడదు, చీల్చాలి. అప్పుడే పోగులు తెగకుండా నిలువునా సాగి, వంగినా విరగదు.

అన్నట్టు, ఇలాంటి ఇళ్ల దూలాల మీద రోమన్ అంకెల్లాంటి గీతలుంటాయి. ఇవన్నీ మంత్రగత్తెలను తరిమే గుర్తులని కొందరు భయభక్తులతో ఫొటోలు తీసుకుంటారు. దిష్టి గుర్తులు నిజంగానే వేరే ఉన్నాయి, మన గుమ్మడికాయకు చుట్టాలు. ఈ అంకెలు మాత్రం ఏ నాలుక ఏ బెజ్జంలోకో మర్చిపోకుండా వడ్రంగి గీసుకున్నవి. పచ్చి కలపలో ఒక్కో అతుకు దాని జోడీకే సరిపోతుంది మరి.

పాత చట్రాలు విప్పినప్పుడు తీసిన చీలల్లో ఆ వంపు ఇప్పటికీ కనిపిస్తుంది.