రెండు సబ్జెక్టులు కలిపి చదివితే ఎటూ కాకుండా పోతారా?

డిగ్రీ కాలేజీలో ప్లేస్‌మెంట్ పని చూస్తూ పన్నెండేళ్లయింది. దోస్త్‌లో (తెలంగాణ డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ పోర్టల్) ఆప్షన్లు పెట్టుకునే రోజులొస్తే చాలు, తల్లిదండ్రుల దగ్గర్నుంచి ఏటా అవే ప్రశ్నలు.

అపోహ: ఎకనామిక్స్‌తో పాటు కంప్యూటర్లు చదవడమంటే రెండు పడవల మీద కాళ్లు పెట్టడమే.

వాస్తవం: కలిపి చదవడం వల్ల కాదండీ, రెండూ పైపైన చదవడం వల్ల మునుగుతారు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో కంప్యూటర్ సైన్స్ బీటెక్‌తో పాటు కంప్యూటేషనల్ లింగ్విస్టిక్స్‌లో (కంప్యూటర్‌తో భాషని విశ్లేషించే శాస్త్రం) పరిశోధన ఎంఎస్ కలిపిన డ్యుయల్ డిగ్రీ ఉంది. భాషకీ కోడింగ్‌కీ ఏం సంబంధం అంటారా? "రాలేకపోయాడట" అన్న మాట తీసుకోండి. రావడం, కుదరకపోవడం, అది జరిగిపోయిన సంగతి, మగవాడు, పైగా ఎవరో చెప్పగా విన్నది... ఇంతా ఒక్క మాటలోనే ఉంది. కంప్యూటర్‌కి ఇది అర్థం కావాలంటే వ్యాకరణం తెలిసినవాళ్లు కావాలి, ప్రోగ్రామ్ రాసేవాళ్లూ కావాలి, రెండూ ఒకరికే వస్తే పని ఎంత తేలికవుతుందో మీరే ఊహించుకోండి.

మా దగ్గర బీఏలో ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్ అప్లికేషన్స్ తీసుకున్న అమ్మాయి ఒకతి ఉండేది. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డు మిర్చి ధరలు పట్టుకుని ప్రాజెక్టు చేసింది. డేటాలో మధ్యమధ్య ఖాళీలొచ్చాయి. తోటి పిల్లలు వాటిలో సున్నా వేసేశారు. ఈమె మాత్రం, అవి యార్డు సెలవు రోజులు, ధర సున్నాకి పడిపోయిన రోజులు కాదు అని ఖాళీగానే వదిలేసింది (వాళ్ల నాన్న మిర్చి రైతు లెండి, ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు). ఇంటర్వ్యూలో సగం సేపు ఆ ఖాళీల గురించే అడిగారట. ఉద్యోగం వచ్చింది.

అపోహ: ఇలాంటి డిగ్రీలకి గవర్నమెంట్ ఉద్యోగాల్లో అర్హత ఉండదు.

వాస్తవం: ఇందులో సగం నిజముంది, అందుకే జాగ్రత్త. సివిల్స్‌కి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. జూనియర్ లెక్చరర్ పోస్టుకి మాత్రం ఆ సబ్జెక్టులోనే పీజీ ఉండాలి, మరి ఆ పీజీలో సీటు కావాలంటే డిగ్రీలో ఏం చదివారన్నది చూస్తారు. టీచింగ్ వైపు వెళ్లాలని ఏ మూలన ఉన్నా, కాంబినేషన్ పెట్టుకునే ముందే పాత నోటిఫికేషన్ ఒకటి తీసి అర్హతల పేజీ చదవండి. కొత్త విద్యావిధానం గురించి గంటసేపు ఉపన్యాసమిచ్చేవాళ్లు కూడా ఈ ముక్క చెప్పరు, నాకు ఒళ్లు మండేది అక్కడే.

అపోహ: నాలుగేళ్ల డిగ్రీ చేస్తేనే విలువ.

వాస్తవం: యూజీసీ 2022 డిసెంబర్‌లో ఇచ్చిన చట్రం ప్రకారం మూడేళ్లకి 120 క్రెడిట్లతో (చదివిన కోర్సులకి లెక్కగట్టే పాయింట్లు) డిగ్రీ, నాలుగేళ్లకి 160తో ఆనర్స్. పరిశోధన వైపు వెళ్లాలనుకుంటే నాలుగో ఏడాది పనికొస్తుంది. ఇంట్లో డబ్బు ఇబ్బందిగా ఉంటే మూడేళ్లకే బయటికి రండి, తప్పేం లేదు.

అపోహ: రెజ్యూమెలో "మల్టీడిసిప్లినరీ" (పలు సబ్జెక్టులు కలిపి చదివినవాళ్లం) అని రాస్తే బరువొస్తుంది.

వాస్తవం: ఆ మాట కనబడితే నేనే కొట్టేయిస్తాను. ఏ డేటా, ఎన్నాళ్లది, ఏం తేలింది, రెండు లైన్లు రాయమంటాను. చాలామంది అక్కడే పెన్ను పట్టుకుని కూర్చుండిపోతారు. మొదటి ఏడాదే వచ్చి అడిగితే ఏదో ఒక పని చూపిస్తాను కానీ, అందరూ ఆఖరి సెమిస్టర్‌లోనే వస్తారు.