దావోస్ పద్దు ఎవరు రాయాలి?

సంక్రాంతి ముగ్గులు చెరిగిపోకముందే తెలుగు రాష్ట్రాల్లో దావోస్ గొడవ మొదలవుతోంది. స్విట్జర్లాండ్‌లోని ఆ ఊళ్లో సాధారణంగా జనవరిలో జరిగే ప్రపంచ ఆర్థిక వేదిక సదస్సుకు మన ముఖ్యమంత్రులు పెట్టుబడుల కోసం వెళ్తుంటారు. ఎవరు ఎన్ని లక్షల కోట్లు తెచ్చారు? పోయినసారి తెచ్చామన్నవి ఏమయ్యాయి? వెళ్లిన బృందానికి ఖర్చెంత? శ్వేతపత్రం ఏది? ప్రభుత్వాలు మారుతున్నాయి, ప్రశ్నలు మారడం లేదు. నిన్న జవాబు చెప్పినవాళ్లు ఇవాళ ప్రశ్న అడుగుతున్నారు. 2026 జనవరి 19 నుంచి 23 వరకు జరిగిన సదస్సులో దేశాధినేతల మాటలు ట్రంప్, గ్రీన్‌లాండ్, సుంకాల చుట్టూ తిరిగాయి. మన దగ్గర చర్చ మళ్లీ కోట్ల దగ్గరే మొదలై కోట్ల దగ్గరే ఆగింది.

ఈ రగడకు ఇప్పుడున్న రూపం వచ్చింది 2025 జనవరిలో. ఆ నెల 20న జ్యూరిచ్ విమానాశ్రయంలో చంద్రబాబు నాయుడు, రేవంత్ రెడ్డి ఎదురుపడి పలకరించుకున్న ఫొటో తెలుగు పత్రికల్లో వచ్చింది. వారం తిరిగేసరికి ఆ ఫొటోను మరిచిపోయి జనం లెక్కల్లో పడ్డారు. తెలంగాణ 1.78 లక్షల కోట్ల రూపాయల ఒప్పందాలు కుదిరాయంది. మహారాష్ట్ర 15.70 లక్షల కోట్లంది. ఆంధ్రప్రదేశ్ ఒక్క పెట్టుబడి ఒప్పందమూ ప్రకటించలేదు. ముఖ్యమంత్రి ఉత్త చేతులతో తిరిగొచ్చారని వైసీపీ విరుచుకుపడింది. దావోస్ అంటే ఒప్పందాలన్నది అపోహ అనీ, తాము వెళ్లింది పరిచయాల కోసం, ప్రపంచం ఎటు పోతోందో తెలుసుకోవడం కోసమనీ చంద్రబాబు జవాబిచ్చారు. 1990ల చివరి నుంచి ఆ ఊరికి వెళ్లి వస్తూ, తెలుగు ఇళ్లలో ఆ పేరు నానేలా చేసిన నాయకుడే ఆ మాట అనడం చిన్న విషయం కాదు.

ఆ జాబితాల్లో ఏముందో కాస్త దగ్గరగా చూడాలి. తెలంగాణ 2025 జాబితాలో మేఘా ఇంజినీరింగ్ పేరుంది, 15,000 కోట్లకు. ఆ కంపెనీ ప్రధాన కార్యాలయం హైదరాబాద్ బాలానగర్‌లో ఉంది. అక్కడి నుంచి సచివాలయానికి ట్రాఫిక్ ఉన్నా గంట ప్రయాణం. అదే జాబితాలో ఇన్ఫోసిస్ విస్తరణ ఉంది, ఆ సంస్థ ఎన్నో ఏళ్లుగా హైదరాబాద్‌లోనే పనిచేస్తోంది. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 60,000 కోట్లు ఉన్నాయి. ఆ కంపెనీ డేటా సెంటర్లు 2022 నుంచే ఇక్కడ నడుస్తున్నాయి. ఇది ఒక్క ప్రభుత్వం పని కాదు. 2022 మేలో జగన్ మోహన్ రెడ్డి దావోస్‌లో ప్రకటించిన హరిత ఇంధన ఒప్పందాల్లో అదానీతో పాటు గ్రీన్‌కో, అరబిందో ఉన్నాయి. ఈ రెండూ హైదరాబాద్ కంపెనీలే. మహారాష్ట్ర జాబితాలో ముంబై, పుణే కంపెనీలెన్ని ఉన్నాయో అక్కడి ప్రతిపక్షమూ వేళ్ల మీద లెక్కపెట్టింది.

సంతకాలు జరిగే చోటు గురించి కూడా చెప్పాలి. సముద్రమట్టానికి దాదాపు 1,560 మీటర్ల ఎత్తున, పదకొండు వేల జనాభా ఉన్న ఊరది. ప్రొమెనాడ్ అనే పెద్ద వీధి ఒకటుంటుంది. సదస్సు వారంలో ఆ వీధిలోని దుకాణాలు సరుకు సర్దేసి గదులు అద్దెకిస్తాయి. నిన్నటిదాకా బట్టలు, మంచు బూట్లు అమ్మిన గదికి ఓ కంపెనీ పేరో, ఓ దేశం పేరో, ఓ రాష్ట్రం పేరో వేలాడుతుంది. మన రాష్ట్రాల పెవిలియన్లు అక్కడివే. అసలు సదస్సు జరిగేది కాంగ్రెస్ సెంటర్‌లో, బ్యాడ్జీ ఉన్నవాళ్ల మధ్య. మనకు టీవీల్లో కనిపించే ఫైళ్లు మార్చుకునే దృశ్యంతో ప్రపంచ ఆర్థిక వేదికకు పెద్దగా సంబంధం లేదు. అది ఆ ఒప్పందానికి సాక్షీ కాదు, పూచీ కాదు. కాగితం కంపెనీకీ రాష్ట్ర ప్రభుత్వానికీ మధ్యనే ఉంటుంది. అవగాహన ఒప్పందం కాబట్టి కోర్టులో నిలబెట్టి అమలు చేయించే బాధ్యత సాధారణంగా ఇద్దరికీ ఉండదు.

మరి ముఖ్యమంత్రులు అంత దూరం ఎందుకు వెళ్లాల్సి వచ్చింది? క్లౌస్ ష్వాబ్ ఈ ఆర్థిక వేదికను స్థాపించడం, అది పేరు మార్చుకోవడం, 2025లో ఆయన తప్పుకోవడం అందరూ రాసిందే. మన గొడవకు మూలం అక్కడ లేదు. అది ఢిల్లీలో, 1991 జూలై 24న ఉంది.

ఆ రోజు మన్మోహన్ సింగ్ బడ్జెట్ ప్రసంగం అందరికీ గుర్తుంది. దానికి కొన్ని గంటల ముందే పరిశ్రమల సహాయ మంత్రి పి.జె. కురియన్ లోక్‌సభ ముందు ఓ పత్రం పెట్టారు. అది కొత్త పారిశ్రామిక విధానం. పరిశ్రమల శాఖను ప్రధాని పి.వి. నరసింహారావు తన దగ్గరే ఉంచుకున్నారు కనుక నిర్ణయం ఆయనదే. 18 రకాల పరిశ్రమలు తప్ప మిగతావాటికి లైసెన్సు అక్కర్లేదని ఆ పత్రం చెప్పింది. ఏ ఫ్యాక్టరీ ఎక్కడ పెట్టాలన్నది అప్పటిదాకా చాలావరకు కేంద్రం చేతిలో ఉండేది. ఆ ఒక్క పూటతో అది కంపెనీల చేతికి వెళ్లింది. రాష్ట్రాలు ఒకదాని మీద ఒకటి పోటీకి దిగక తప్పని పరిస్థితి ఆ రోజు పుట్టింది.

అంతకుముందు పరిశ్రమ కావాలంటే ఏం చేసేవాళ్లో విశాఖ వాళ్లకు తెలుసు. 1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని రాష్ట్రమంతా రోడ్డెక్కింది. పోలీసు కాల్పుల్లో 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరా గాంధీ వచ్చి బాలచెరువు దగ్గర శంకుస్థాపన చేశారు. దావోస్‌లో ష్వాబ్ మొదటి సమావేశం పెట్టింది కూడా అదే నెలలో. ఇక్కడ రాయి పడితే అక్కడ యూరప్ కంపెనీల మేనేజర్లు కూర్చున్నారు. ఆ రెండింటికీ అప్పుడు ఏ చుట్టరికమూ లేదు. ఉక్కు ఫ్యాక్టరీ జాతికి అంకితమైంది 1992 ఆగస్టు 1న, పీవీ చేతుల మీదుగా. లైసెన్సుల రోజులు అప్పటికే ముగిశాయి.

లైసెన్సు రాజ్యం మళ్లీ రావాలని ఎవరూ అనరు. ఢిల్లీ గుమాస్తా బల్ల ముందు ఏళ్ల తరబడి నిలబడ్డ చిన్న పరిశ్రమల వాళ్ల కష్టం అబద్ధం కాదు. కానీ ఆ పద్ధతిలో ఒకటుండేది. లైసెన్సుకు ఫైలు ఉండేది, నంబరు ఉండేది, ఎవరికిచ్చారో, అది వాడారో లేదో పార్లమెంటులో అడిగే వీలుండేది. దాని స్థానంలో వచ్చిన అవగాహన ఒప్పందానికి అలాంటి పద్దు ఎవరూ ఏర్పాటు చేయలేదు. రాష్ట్రాలకు పోటీ పడే స్వేచ్ఛ వచ్చింది. పోటీలో ఏం గెలిచామో ఏటా చట్టసభకు చెప్పాలన్న నిబంధన రాలేదు. ముప్పై అయిదేళ్లుగా శ్వేతపత్రం అనే మాట ఎన్నికల ఆయుధంగానే మిగలడానికి కారణం ఇదే అని నా నమ్మకం.

1990ల చివర్లో చంద్రబాబు ఆ పోటీని మిగతావారి కంటే ముందు పసిగట్టారు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది, 2000 మార్చిలో క్లింటన్ హైదరాబాద్ వచ్చారు. ఆ రోజుల్లో దావోస్‌లో ఓ భారత ముఖ్యమంత్రి కనిపించడమే వింత. ఇప్పుడు అరడజను రాష్ట్రాలు ఒకే వీధిలో పక్కపక్కన గదులు తీసుకుంటున్నాయి. వింత పోయాక మిగిలేది అంకె. అంకె పెద్దదైతేనే మరునాడు పత్రికలో పైన వస్తుంది.

ఆ అంకెల బలం ఎంతో విశాఖలో చూశాం. 2023 మార్చిలో వైసీపీ ప్రభుత్వం జరిపిన పెట్టుబడుల సదస్సులో 13 లక్షల కోట్లకు పైగా ఒప్పందాలన్నారు. రాష్ట్రం ఆ ఏడాది మొత్తం మీద ఉత్పత్తి చేసిన సంపద విలువ దాదాపు అంతే. 2025 నవంబరులో అదే నగరంలో కూటమి ప్రభుత్వం భారత పరిశ్రమల సమాఖ్య (సీఐఐ)తో కలిసి జరిపిన సదస్సు తర్వాత ప్రకటించిన మొత్తం కూడా 13 లక్షల కోట్లకు పైనే. మొదటి దాంట్లోవి ఎన్ని రెండో ప్రభుత్వం ముందుకు తీసుకెళ్లింది, ఎన్ని వదిలేసింది అన్నది ఒకే చోట, ఒక్కో ప్రాజెక్టు వారీగా మామూలు పౌరుడికి దొరికే జాబితా ఉండాలి. విమర్శకులు అడుగుతున్నది ఇంతకు మించి ఏమీ కాదు.

ప్రభుత్వాల వాదన ఒకటుంది. పరిచయం లేనిదే పెట్టుబడి రాదని, ఏడాది పొడవునా వంద ఊళ్లు తిరిగితే దొరికే కంపెనీ పెద్దలు అక్కడ నాలుగు రోజుల్లో దొరుకుతారని అధికారులు అంటారు. అందులో నిజముంది. 2023 జనవరిలో కేటీఆర్ వెళ్లినప్పుడు నాలుగో పారిశ్రామిక విప్లవ కేంద్రాన్ని హైదరాబాద్‌లో పెడతామని ప్రపంచ ఆర్థిక వేదికే ప్రకటించింది.

కానీ తెలుగు నేల మీద గత పదేళ్లలో కళ్లముందు లేచిన అతి పెద్ద ఫ్యాక్టరీ ఏదని పెనుకొండలో అడిగితే కియా అంటారు. ఆ ఒప్పందం జరిగింది 2017 ఏప్రిల్‌లో, మన దగ్గరే. 1.1 బిలియన్ డాలర్ల పెట్టుబడి. దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి, అప్పట్లో పెనుకొండ ఉన్న అనంతపురం. అక్కడికి కార్ల కంపెనీ రావాలంటే ముందు నీళ్లు రావాలి. హంద్రీ-నీవా కాలువ నీటిని గొల్లపల్లి రిజర్వాయర్‌కు చేర్చారు. ఎర్రమంచి దగ్గర రాళ్ల నేలను చదును చేశారు. చెన్నై, బెంగళూరు రోడ్డు దూరం కలిసొచ్చింది. 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ బయటికొచ్చేసరికి ఒప్పందం మీద సంతకం చేసిన ప్రభుత్వం అధికారంలో లేదు. అయినా కారు ఆగలేదు. భూమి, నీళ్లు, కరెంటు కాగితం దాటి నేల మీదికి వచ్చేశాయి కాబట్టి ఆగలేదు. విశాఖకు గూగుల్ ప్రకటించిన 15 బిలియన్ డాలర్ల ఏఐ హబ్ ఒప్పందం కూడా 2025 అక్టోబరు 14న ఢిల్లీలోనే జరిగింది.

పోటీకి మనం చెల్లిస్తున్న ధర మీద మాత్రం చర్చ తక్కువ. 2025 ఏప్రిల్‌లో రుషికొండ ఐటీ హిల్‌పై టీసీఎస్‌కు 21.16 ఎకరాలు ఎకరం 99 పైసలకు ఇచ్చారు. తర్వాత కాగ్నిజెంట్‌కూ అదే లెక్క. ఉద్యోగాలొస్తాయంటే ఇవ్వడం తప్పా అని ప్రభుత్వం అడుగుతుంది. సరే, ఎన్ని ఉద్యోగాలు, ఎప్పటికి, రాకపోతే ఆ ఎకరం తిరిగి ఎవరిది అన్నవి కూడా 99 పైసలంత స్పష్టంగా జనానికి తెలియాలి కదా. తెలంగాణలో లగచర్లను మరవలేం. 2024 నవంబరులో ఫార్మా కోసం భూసేకరణ అన్నందుకు అక్కడి రైతులు తిరగబడ్డారు. కలెక్టర్ మీద దాడి జరిగింది, అరెస్టులు జరిగాయి, చివరికి ఆ నోటిఫికేషన్‌ను ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. ముఖ్యమంత్రి సొంత నియోజకవర్గంలో ఇది జరిగిన రెండు నెలలకే దావోస్ ప్రకటన వచ్చింది. కోట్ల ప్రకటన విన్న ప్రతిసారీ ఊళ్లలో రైతు వేసుకునే ప్రశ్న ఒకటే: ఎవరి భూమిలో?

నిజానికి పద్దు రాయడం కష్టమేమీ కాదు. ఒప్పందం తర్వాత కంపెనీ పూర్తి ప్రాజెక్టు నివేదిక ఇవ్వాలి. ఆంధ్రలో అయితే అది ముఖ్యమంత్రి అధ్యక్షతన ఉండే పెట్టుబడుల ప్రోత్సాహక బోర్డుకు వెళ్తుంది. రాయితీలకు జీవో వస్తుంది, భూమి కేటాయిస్తారు, అనుమతులొస్తాయి, పని మొదలవుతుంది. ఈ మెట్లలో ప్రతిదానికీ తేదీ ఉంటుంది, సచివాలయంలో ఫైలూ ఉంటుంది. ఒప్పందం రోజున అయిదు కాలాల వార్త ఇచ్చే సమాచార శాఖ, అదే ప్రాజెక్టు ఏ మెట్టు మీద ఆగిందో ఏడాదికోసారి చెప్పగలదు.

విశాఖ ఉక్కు కోసం అరవైకి పైగా గ్రామాల వాళ్లు భూములిచ్చారు. వాళ్లకు అప్పుడు ఆర్-కార్డు అని ఒక కాగితం ఇచ్చారు, ఇంటికో ఉద్యోగం అన్న భరోసాతో. దావోస్ బృందం జ్యూరిచ్‌లో దిగడానికి మూడు రోజుల ముందు, 2025 జనవరి 17న, ఆ ఫ్యాక్టరీకి కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. ఉద్యోగం రాని నిర్వాసితుల ఇళ్లలో ఆ కార్డులు ఇంకా ఉన్నాయి. తండ్రి పేరున ఇచ్చిన కార్డు పట్టుకుని ఇప్పుడు కొడుకులు, మనవలు అడుగుతున్నారు.