గంగవాయిలి నుంచి అవిసాకు దాకా: అపోహలు, వాస్తవాలు

మెహిదీపట్నం రైతుబజారుకు ఉదయం ఏడు లోపు వెళ్తే, చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు నుంచి వచ్చిన ఆడవాళ్ల గంపల్లో పాలకూర, మెంతికూరల అడుగున తడిబట్ట కప్పిన చిన్న కట్టలు కొన్ని కనిపిస్తాయి. గంగవాయిలి, పొన్నగంటి, చెంచలి, ఒక్కోసారి అవిసాకు. అడిగేవాళ్లు తక్కువ కాబట్టి అడిగితేనే పైకి తీస్తారు. పదకొండేళ్లుగా నేను ఆ బజారుకు వెళ్లేది ఈ కట్టల కోసమే. పాలు, పెరుగు, నెయ్యి వాడకుండా మధ్యాహ్న భోజనం వండి రోజుకు నలభై డబ్బాలు పంపడం నా వృత్తి. నెలకో ఆదివారం వంట కూడా నేర్పుతాను. అక్కడ ఆకుకూరల గురించి మళ్లీ మళ్లీ వినే మాటలకు ఒకచోట జవాబు రాసి పెడుతున్నాను.

అపోహ: ఇవి మందుమొక్కలు, రోజువారీ కూరలు కావు.

నన్ను అన్నిటికంటే బాధపెట్టే మాట ఇది. పొన్నగంటి అనగానే కంటికి మంచిదంటారు. పోయిన కంటిని తెచ్చే కూర కాబట్టే ఆ పేరు వచ్చిందని పెద్దలు చెప్పే మాట మన అందరికీ తెలుసు. ఆ మాట నమ్మి ఒకావిడ పది రోజులు పచ్చి ఆకు రసం తీసుకుని తాగారు. పదకొండో రోజు వాంతి వచ్చినట్టయి, ఇక జన్మలో ఆ కూర ముట్టనన్నారు. కళ్లజోడు మాత్రం అలాగే ఉంది.

పొన్నగంటిలో కెరోటిన్ ఉంటుంది. శరీరం దాన్ని ఎ విటమిన్‌గా మార్చుకుంటుంది. ఆ విటమిన్ లోపం వల్ల వచ్చే రేచీకటి వంటి వాటికి ఆహారంగా అది మేలు చేస్తుంది. కంటి అద్దాల పవరు తగ్గించే శక్తి ఏ ఆకుకూరకూ లేదు. పైగా కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కాస్త నూనె కావాలి, కాబట్టి రసం తాగడం కంటే వెల్లుల్లి తాలింపు వేసిన పొన్నగంటి వేపుడే నయం. అదే ఆవిడకు మరుసటి నెల కొబ్బరి కోరు వేసి ఆ వేపుడు చేసి పెట్టాను. రెండోసారి అడిగి వడ్డించుకున్నారు.

అపోహ: నెయ్యి, పెరుగు లేకుండా ఆకుకూరకు రుచి రాదు.

మన పప్పుకూరలు, పులుసులు, పచ్చళ్లు, వేపుళ్లు చాలావరకు పుట్టుకతోనే పాలతో పనిలేని వంటలు. రుచి చెడేది నెయ్యి లేక కాదు, వరస తప్పడం వల్ల. గంగవాయిలి పప్పు సంగతే చూడండి. దీన్నే కొన్ని చోట్ల గంగపావిలి అంటారు, పాతబస్తీ బండ్ల మీద కుల్ఫా అంటారు. ఆకు చిన్నపిల్లల గోరంత, దళసరిగా ఉంటుంది. కాడ ఎర్రగా, నీరు పట్టి ఉంటుంది. ముదురు కాడలు తీసేసి లేత చివుళ్లను చేత్తో తుంచుకోవాలి. ఆకుకే సహజంగా పులుపు ఉంది, మామిడికాయ పడితే ఇంకాస్త పెరుగుతుంది. పులుపులో కందిపప్పు సరిగా ఉడకదు. అందుకే పప్పు ముందుగా మెత్తగా ఉడికి ఉండాలి. అన్నీ ఒకేసారి కుక్కరులో పడేసి, పప్పు పలుకుగా మిగిలిందని ఆకును నిందించేవాళ్లను చాలామందిని చూశాను.

వేరుశనగ నూనెలో జీలకర్ర, ఎండుమిర్చి, పొట్టుతోనే చితక్కొట్టిన వెల్లుల్లి వేగాక ఆకు వేసి, మూత పెట్టకుండా నీరు ఇగిరేదాకా వేయించండి. మామిడికాయ ముక్కలు వేసి, అవి మెత్తబడ్డాక ఉడికిన పప్పు కలపండి. ఉప్పు చివరనే వేయాలి. గిన్నె నిండా ఉన్న ఆకు దగ్గరపడితే గుప్పెడే అవుతుంది, ముందే కొలత చూసి వేస్తే ఉప్పు కషాయమే. దించాక చెంచాడు వేయించిన నువ్వుల పొడి చల్లితే, నెయ్యి ఇచ్చే కమ్మదనం దాదాపుగా వచ్చేస్తుంది. నా దగ్గర తినేవాళ్లలో నెయ్యి మానలేమన్నవారే ఈ పొడిని సీసాలో పట్టుకెళ్తున్నారు.

రంగు కోసం వంటసోడా మాత్రం వేయకండి. పచ్చదనం నిలుస్తుంది కానీ, సి విటమిన్, బి1 విటమిన్ పోతాయి.

అపోహ: తనంతట తాను మొలిచిన ఆకు కాబట్టి స్వచ్ఛం.

ఈ ఒక్క విషయంలో నేను గట్టిగా కోప్పడతాను. జహీరాబాదు ప్రాంతపు చేలలో రైతు మహిళలు విత్తకుండానే మొలిచే ఆకుకూరలను తరతరాలుగా ఏరుకుని వండుకుంటున్నారు. రసాయనం పడని చేను కాబట్టి అక్కడ అది సరైనదే. హైదరాబాదులో నాలా గట్టున మొలిచిన పొన్నగంటి వేరు. నగరం వదిలిన మురుగు కలిసిన మూసీ నీటితో దిగువన గడ్డి, ఆకుకూరలు పండిస్తారన్నది కొత్త విషయం కాదు. మురుగులోని సీసం, కాడ్మియం వంటి లోహాలను ఆకు లోపలికి పీల్చుకుంటే ఉప్పునీళ్లలో ఎంతసేపు నానబెట్టినా పోవు. కడిగితే పోయేవి మట్టి, పురుగులు, పైన అంటిన మురికి మాత్రమే. అమ్మేవాళ్లను ఏ ఊరు, ఏ నీళ్లు అని అడగండి. నేను అడుగుతాను, ఎవరూ నొచ్చుకోలేదు.

మరో జాగ్రత్త. గంగవాయిలి మధ్యలో దాన్ని పోలిన కలుపు మొక్కలు కలిసి వస్తుంటాయి. కాడ విరిచి చూడండి. గంగవాయిలి నుంచి నీళ్లలాంటి రసమే వస్తుంది. తెల్లగా పాలు కారితే పారేయండి.

అపోహ: పాలకూర, టమాటా కలిపితే కిడ్నీలో రాళ్లు.

ఎక్కువ మందిలో రాళ్లకు కారణమయ్యేది ఆక్సలేటు అనే పదార్థం. అది టమాటాలో చాలా తక్కువ, పాలకూరలోనే ఎక్కువ. కాబట్టి తప్పు ఆ కలయికది కాదు. గంగవాయిలి, తోటకూర, చుక్కకూరల్లోనూ ఆక్సలేటు బాగానే ఉంటుంది. ఎక్కువ నీళ్లలో ఉడికించి వార్చితే కొంత పోతుంది, మెంతికూరలో మొదటినుంచే తక్కువ. ఒకసారి రాళ్లు వచ్చినవాళ్లు మాత్రం వైద్యుల మాట ప్రకారమే తినాలి. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లు కూడా ఆకుకూర ఒక్కసారిగా పెంచకూడదు, అందులోని కె విటమిన్ ఆ మందు పనికి అడ్డుపడుతుంది.

అపోహ: ఆకుకూరలు తింటే చాలు, అన్నీ అందుతాయి.

అవిసాకులో 100 గ్రాములకు దాదాపు 900 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. పాలలో ఉన్నది సుమారు 120. ఈ పోలిక చెప్పి పాలు మానేయమనేవాళ్లున్నారు. 100 గ్రాముల అవిసాకు ఒక పూటలో ఎవరు తినగలరు? ఆ చేదుకు గుప్పెడు తింటే గొప్ప, ఉన్న కాల్షియం అంతా ఒంటికి పట్టదు కూడా. ఆకుల్లోని ఇనుమూ అంతే. అది బాగా పట్టాలంటే దించాక నిమ్మరసం పిండాలి, పొయ్యి మీద పిండితే సి విటమిన్ వేడికి తగ్గిపోతుంది. తిన్న వెంటనే టీ తాగకుండా గంట ఆగాలి. మాంసకృత్తులకు పప్పు, శనగలు, పల్లీలు ఉండాల్సిందే. ఇక బి12 ఏ ఆకులోనూ దొరకదు. పాలు కూడా మానేసినవాళ్లు దాన్ని మాత్ర రూపంలోనో, బి12 కలిపిన ఆహారంగానో తప్పక తీసుకోవాలి. నా డబ్బాలు తెప్పించుకునే ప్రతి ఒక్కరికీ మొదటి రోజే ఇది చెబుతాను.

చామాకు దురద గురించి అడుగుతుంటారు. ఆకులోని సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేటు స్ఫటికాలు గుచ్చుకోవడమే ఆ దురద. చేతికి నూనె రాసుకుని తరగండి, చింతపండు పులుసులో బాగా మెత్తబడేదాకా ఉడికించండి. తొందరపడితే గొంతు పట్టేస్తుంది.

గునుగు పూలు బతుకమ్మలో పేర్చడం అందరికీ తెలుసు. పూత రాకముందు దాని లేతాకు కూర వండుకుంటారని క్లాసులో చెబితే ఇప్పటికీ నమ్మరు. బజారులో నాకు ఎప్పుడూ ఆకు ఇచ్చే అక్కను అడిగాను. "పది కట్టలు తీసుకుంటానంటే వచ్చే ఆదివారం తెస్తాను, ఒకటీ అరకైతే చేను వదిలి రాలేను" అంది. పదిహేను తెమ్మన్నాను.