చెల్లి పుట్టినరోజు కానుక గురించి

బొబ్బిలి

చిరంజీవులైన మనవలిద్దరికీ తాతయ్య ఆశీస్సులు.

చెల్లి తొమ్మిదో పుట్టినరోజుకు ఏమి కొనాలో చెప్పమని ఉత్తరం రాశారు. మీరు దాచుకున్న డబ్బుతో ఆ పిల్ల చేతికి పని కల్పించే వస్తువు కొనండి. నిరుడు ఈ విషయంలో నేనే పొరపాటు చేశాను. నేను కొనిచ్చిన బొమ్మల తయారీ డబ్బాలో ముక్కలన్నీ ముందే కత్తిరించి, ఏది ఎక్కడ అంటించాలో అంకెలు కూడా వేసి ఉన్నాయి. భోజనాలయ్యాక కూర్చున్న పిల్ల దీపాలు పెట్టే వేళకు పూర్తి చేసింది, మరునాడు చేయడానికి ఏమీ మిగలలేదు. అదే పిల్ల వేసవి సెలవుల్లో మన అరుగు మీద తాటాకు బుట్ట అల్లబోయి, మూల కుదరక నాలుగుసార్లు విప్పి, ఐదోసారి తానే కుదుర్చుకుంది.

అందుకని ముడిసరుకు ఇవ్వండి. రంగు దారాలు కొనండి. గుడ్డపీలికలు దర్జీని అడిగితే ఊరికే ఇస్తాడు. మిగతా డబ్బంతా మంచి పనిముట్టు మీద పెట్టండి. పదును లేని కత్తెర ఇస్తే గుడ్డ నలిగి, అంచు పీచులు తేలి, ఆ పిల్ల తప్పు కత్తెరది అనుకోదు, తనకే చేతకాదనుకుంటుంది. దుకాణంలోనే గుడ్డముక్క కోసి చూసి, కొస దాకా తెగితేనే తీసుకోండి.

పనిముట్టు విలువ తెలియాలంటే పొందూరు వెళ్లాలి. అక్కడ ఖద్దరు నూలు వడికే ఆడవాళ్లు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. చూడడానికి అది వంటింట్లో పారేసే ఎముకే; కానీ దాని సన్నని పళ్ల వరుస గింజను అంటుకున్న పోగులను తెగనివ్వకుండా చక్కగా సాపు చేస్తుంది. ఆ పోగుల నుంచే అంత సన్నని నూలు వస్తుంది. మన బొబ్బిలి పక్కనున్న గొల్లపల్లిలోనూ అంతే, పనస దుంగను తొలిచి వీణ కుండను పలచగా తేల్చేది పనివాడికి అలవాటైన ఉలే.

కానుక ఇచ్చాక మీరూ చెల్లి పక్కన కూర్చుని ఏదైనా కుట్టండి. తన కుట్లు వంకర పోయినా మీరు విప్పి సరిచేయకండి, అడిగితేనే చూపించండి.

నా వంతుగా పసుపు రంగు తేలిన పనస చెక్క ముక్కలు, గరుకు కాగితం పంపుతున్నాను. ఉలి మాత్రం సంక్రాంతికి వచ్చాక, నా ఎదుట కూర్చునే పట్టుకోవాలని చెల్లికి చెప్పండి.

మీ తాతయ్య